గిడియోన్ బాగుచేసిన విమానం

ఆ పాత విమానం హిద్‌లోని పడవల షెడ్డుకు వచ్చేసరికి గిడియోన్ బహ్రెయిన్ వదిలి ఇంటికి వెళ్ళిపోదామని నిశ్చయించుకుని ఉన్నాడు. కాకినాడ చేపల రేవు దగ్గర అతని దూరపు బంధువు సోమరాజు కొత్తగా పడవల షెడ్డు పెడుతున్నాడు. రేకు పని తెలిసిన నమ్మకమైన మనిషి కావాలి, నువ్వొస్తే ఇద్దరం కలిసి నడుపుకుందాం అని ఫోన్ చేశాడు. గిడియోన్ భార్య క్రిస్టీనా బుదైయాలో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉంది. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గాని, శుక్రవారం తెలుగు క్రైస్తవుల సహవాసంలో పక్కపక్కన కూర్చోవడం, ప్రార్థన అయ్యాక కాసేపు మాట్లాడుకోవడం, అంతే. సోమరాజు కబురు వినగానే ఆమె ఇక్కడి ఇంటివాళ్ళకు వెళ్ళిపోతానని ఎలా చెప్పాలో మనసులో అనుకోవడం మొదలుపెట్టింది.

గిడియోన్‌ది ఉప్పాడ. తండ్రీ, అన్న ఆరోనూ సముద్రం మీద బతికినవాళ్ళు. ఈత కొట్టడం, తెడ్డు వేయడం, వల చిక్కు తీయడం తమ్ముడికి నేర్పింది ఆరోనే. ఓ నవంబరు తుపానులో ఆరోన్ ఎక్కిన పడవ తిరిగి రాలేదు. పడవ చెక్క దొరకలేదు, మనిషీ దొరకలేదు. అతని భార్య నరసాయమ్మకు అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. గాలి తగ్గాక ఆమె రోజూ ఒడ్డుకు వెళ్ళి ఆకాశంకేసి చూస్తూ నిలబడేది. నీళ్ళమీద వాలి మనుషుల్ని ఎక్కించుకుపోయే విమానాలు ఉంటాయని ఎవరో ఆమెతో అన్నారు. అలాంటిది ఒకటి వస్తుందని చూసేది. ఏదీ రాలేదు. అయినా ఆమె కాలి మెట్టెలు తియ్యలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోమంటే, మనిషి పోయినట్టు ఎవరు చూశారని అడిగేది. అత్తగారింట్లోనే ఉండిపోయి, మరిదిని సొంత కొడుకులా చూసుకుంది. సముద్రం మీదికి మాత్రం వాణ్ణి పంపనని మొండికేసింది. అలా గిడియోన్ కాకినాడ వెళ్ళి రేకు పని నేర్చుకున్నాడు, ఆ పనితోనే బహ్రెయిన్ వచ్చి, అల్యూమినియం పడవలు కట్టే ఈ షెడ్డులో చేరి, ఇక్కడే నడివయసుకు వచ్చాడు.

ఆ షెడ్డులో అతనికి దొరికిన అన్న లచ్చన్న. జగిత్యాల దగ్గరి మనిషి, ఫోర్‌మన్. ఇన్నేళ్ళుగా బహ్రెయిన్లో ఉంటూ కూడా ‘నేను దుబాయి వచ్చినప్పుడు’ అనే మొదలుపెట్టేవాడు ఏ కబురైనా. గిడియోన్ వచ్చిన కొత్తలో జ్వరంతో పడిపోతే పక్కన కూర్చుని గంజి తాగించింది అతనే. ఇద్దరిదీ ఒకే గది, ఒకే వంట.

పనిలోనూ ఇద్దరూ ఒక జట్టు. రేకుల్ని కలిపి బిగించే రివెట్టు కొట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. రేకుకు బయట ఒకడు గాలితో నడిచే గన్ను పట్టి కొడతాడు. లోపల రెండోవాడు రివెట్టు తోకకు ఇనపదిమ్మ ఆనించి పట్టుకుంటాడు. మధ్యలో రేకు అడ్డం. మనిషి కనపడడు, ఆ మోతలో మాటా వినపడదు. లోపలివాడు దిమ్మతో ఒకసారి తడితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తడితే సరిపోయిందని అర్థం. ఒకప్పుడు గన్ను లచ్చన్న చేతిలో ఉండేది. కొంతకాలంగా అతని కుడిచెయ్యి వణుకుతోంది. గన్ను జారితే రేకు సొట్టపడుతుంది. గిడియోన్ అది గమనించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఒకరోజు పొద్దున తనే గన్ను తీసుకున్నాడు. దిమ్మనైతే రెండు చేతులా పట్టుకుని భుజానికి అదిమిపెట్టుకోవచ్చు. లచ్చన్న దిమ్మ తీసుకుని లోపలికి వెళ్ళాడు. అప్పటినుంచి ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయింది.

విమానం పొడుగాటి ట్రెయిలర్ మీద వచ్చింది. రెక్కలు విడదీసి వేరే లారీలో వేశారు. షెడ్డు యజమాని, అంటే వాళ్ళ కఫీల్, దాన్ని ఏదో దేశంలో పాతసామాను కింద కొన్నాడట. పేరు ఆల్బట్రాస్. పై సగం విమానం, కింది సగం పడవ. నేలమీదా దిగుతుంది, నీళ్ళమీదా దిగుతుంది. ఒకప్పుడు సైన్యాలు సముద్రంలో పడిపోయిన పైలట్లను, మునిగిన ఓడల మనుషులను వెతికి తెచ్చుకోవడానికి ఇలాంటివి వాడేవని డ్రైవరు చెప్పాడు. గిడియోన్ దాని చుట్టూ తిరిగాడు. అడుగున తన పడవలకున్నట్టే నీళ్ళను చీల్చే వెన్నుదూలం. ఎడమవైపు, వెనగ్గా, నీళ్ళకు దగ్గరగా ఒక తలుపు. అందులోంచే మనుషుల్ని లోపలికి లాగేవాళ్ళు. లోపలికెక్కి చూస్తే, గోడలకు స్ట్రెచర్లు తగిలించే కొక్కేలు ఇంకా ఉన్నాయి. ఆ కొక్కెం ఒకటి పట్టుకుని గిడియోన్ చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

బయటికి వచ్చాక లచ్చన్నతో అన్నతోపాటు పోయిన పడవ గురించి చెప్పాడు. లచ్చన్నకు అది కొత్త కథ కాదు. అయినా ఆ రోజు శ్రద్ధగా విన్నాడు. సాయంత్రం గదిలో ఉల్లిపాయలు తరుగుతున్న గిడియోన్ పక్కన వచ్చి కూర్చున్నాడు.

“తమ్మీ, కఫీల్ నాతోని చెప్పిండు. దీన్ని మంచిగ చేసి మళ్ళ నీళ్ళల్ల దించుతడట. దించిన దినం పని చేసినోళ్ళను ఎక్కిచ్చుకపోతడట. నువ్వు ఇంటికి పోతనంటివి గదా, ఈ ఒక్క పని చూసుకొని పోరాదు?”

గిడియోన్ కత్తి పక్కనపెట్టి, నిజంగా అన్నాడా అని అడిగాడు. లచ్చన్న అన్నాడన్నట్టు తల ఊపాడు.

కఫీల్ ఏ మాటైనా ఫోర్‌మన్‌తోనే మాట్లాడేవాడు, అదీ సగం అరబ్బీ, సగం హిందీ. లచ్చన్న చెప్పాడంటే కఫీల్ చెప్పినట్టే. మర్నాడు గిడియోన్ సోమరాజుకు ఫోన్ చేసి, కొన్నాళ్ళు ఆగమన్నాడు. సోమరాజు నొచ్చుకున్నాడు. షెడ్డు ఆగదు గదా అన్నాడు, తర్వాత భీమిలి నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకున్నాడు. క్రిస్టీనా విషయం విని, మీ అన్నగారి కోసం కాబట్టి ఊరుకుంటున్నాను అని మాత్రం అంది.

పని మొదలైంది. ఉప్పునీళ్ళు తిన్న చోటల్లా రేకు తెల్లటి పొడిగా రాలిపోతోంది. ఆ ముక్కలు కోసి తీసేయడం, కొత్తరేకు వంచి అతకడం, అతుకు మధ్యన నీరు రానివ్వని సీలెంటు పూసి వరసగా రివెట్లు కొట్టడం. చూసేవాడికి పైన రంగేస్తే చాలు. గిడియోన్ మాత్రం చుక్క నీరు లోపలికి రాకూడదన్నట్టే పని చేశాడు. నచ్చని వరస ఉంటే మొత్తం డ్రిల్లుతో తీసేసి మళ్ళీ కొట్టేవాడు. లోపల లచ్చన్న విసుక్కోకుండా దిమ్మ పట్టుకునేవాడు. ఎండాకాలంలో ఆ విమానం కడుపు పొయ్యిలా కాగేది. లచ్చన్న చొక్కా పిండుకుంటూ బయటికి వచ్చి, నీ అన్న నిన్ను చూస్తున్నడు తమ్మీ అనేవాడు.

ఇంజన్లు ఉండాల్సిన చోట ఉత్త గుల్లలున్నాయి. గిడియోన్ అడిగితే, వాటిని వేరే దేశంలో బాగుచేస్తున్నారని లచ్చన్న చెప్పాడు. ఇంకోసారి అడిగితే ఓడలో వస్తున్నాయన్నాడు. మరోసారి, రేవువాళ్ళ పర్మిషన్ ఒక్కటే మిగిలిందన్నాడు. అడగని రోజుల్లో కూడా తనంతట తనే ఏదో ఒకటి చెప్పేవాడు. కఫీల్ ఒక పైలట్‌తో మాట్లాడాడని, ఆ పైలట్ ముసలివాడని, ఇలాంటి విమానాలు నడిపినవాడని. గిడియోన్ అవన్నీ సహవాసంలో చెప్పాడు. విమానం క్షేమంగా నీళ్ళలో దిగాలని అక్కడివాళ్ళు పేరుపెట్టి ప్రార్థన చేశారు.

నరసాయమ్మకు చెప్పడానికి మాత్రం కొంత తటపటాయించాడు. చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం వీడియో కాల్‌లో ఆ తలుపు చూపించాడు. ఆమె ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

“నేను సూసింది దీని కోసవేనా?” అని అడిగింది.

“ఇలాంటిదే వదినా.”

“ఇది మళ్ళీ నీళ్ళలో దిగుద్దా? నిజంగానా? నీ పక్కన ఎవరో ఉన్నారే, ఆయనకియ్యి.”

లచ్చన్న ఫోను అందుకున్నాడు. అవతల ఆమె అడిగింది విన్నాడు. “దిగుతది చెల్లే,” అన్నాడు. “నీ మరిది అండ్ల కూసొని పోతడు.”

కొన్ని వారాలకు సహవాసంలో ఒకాయన సెలవు ముగించుకుని వస్తూ చిన్న పొట్లం తెచ్చి గిడియోన్‌కు ఇచ్చాడు. అందులో నరసాయమ్మ మెట్టెలు ఉన్నాయి. ఆ రాత్రి ఆమె ఫోన్లో చెప్పింది: ఆయన కోసం రావలసింది అప్పుడు రాలేదు, ఇప్పుడు నువ్వు దాన్ని లేపుతున్నావు. అందులోంచి, ఆ తలుపు లోంచే, ఇవి నీళ్ళలో వెయ్యి. నాకింక చాలు. గిడియోన్ ఆ పొట్లాన్ని బైబిలు పెట్టుకునే అరలో దాచాడు. లచ్చన్న మంచంమీద పడుకుని అంతా చూస్తూనే ఉన్నాడు.

అతుకులన్నీ అయిపోయాక నీళ్ళపరీక్ష పెట్టాడు గిడియోన్. పడవలకు చేసేదే. కడుపులో నీళ్ళు నింపి, బయట ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూడటం. లచ్చన్న వద్దన్నాడు, ఎందుకులే తమ్మీ, మంచిగనే చేసినం గదా అన్నాడు. గిడియోన్ నవ్వి పైపు పెట్టాడు. ఒక్కో అరా నిండుతుంటే విమానం కింద వెల్లకిలా పడుకుని, చాక్‌పీసు చేత్తో పట్టుకుని, రివెట్ల వరసల వెంట జరుగుతూ వెళ్ళాడు. చాక్‌పీసుతో గుర్తు పెట్టవలసిన చోటు ఒక్కటీ దొరకలేదు. అతను అలా పడుకునే ఉండగా కఫీల్ కారు దిగి వచ్చాడు.

కఫీల్ మంచివాడే. మర్యాదగా మాట్లాడతాడు. పైపు చూసి, లోపల నీళ్ళు చూసి, ఇదేమిటని గిడియోన్‌నే హిందీలో అడిగాడు. గిడియోన్ లేచి, దుమ్ము దులుపుకుని, సముద్రంలో దించేముందు చేసే పరీక్ష అని చెప్పాడు. కఫీల్‌కు ముందు అర్థం కాలేదు. ఏ సముద్రం అన్నాడు. తర్వాత నవ్వాడు, ఎగతాళిగా కాదు, పొరపాటుపడిన మనిషిని సరిదిద్దేటప్పుడు నవ్వినట్టు. దీనికి ఇంజన్లు లేవు భాయ్, ఇది బుదైయా బీచ్ దగ్గర కాంక్రీటు కాళ్ళమీద నిలబడుతుంది, కాఫీ షాపు. విమానం కొన్న రోజే లచ్చన్నకు చెప్పాను, బొమ్మ కూడా చూపించాను. పక్కన మెట్లు వస్తాయి, రెండువైపులా పెద్ద తలుపులు కొయ్యాలి. ఆ పాత చిన్న తలుపు బాగుంది, దాంట్లోంచి బయటి వాళ్ళకు కప్పులు అందించవచ్చు.

ఇంత బాగా చేసినందుకు గిడియోన్ భుజం తట్టి, కఫీల్ ఆఫీసులోకి వెళ్ళాడు.

లచ్చన్న విమానం తోక దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి అంతా విన్నాడు. గిడియోన్ అతని దగ్గరికి నడిచాడు.

“అన్నా, నీకు మొదట్నుంచీ తెలుసా?”

“ఎరుకే తమ్మీ.”

“మరి ఆ పైలటు?”

“ఎవడు లేడు.”

లచ్చన్న చెప్పడం మొదలుపెట్టాడు. నువ్వు పోతే గన్ను నేనే పట్టాలె, రెండు దినాలల్ల నా చెయ్యి సంగతి అందరికి తెలిసిపోతుండె, నన్ను ఇంటికి పంపుతుండె, ఈ చెయ్యితోని ఆడికి పోయి నేనేం జెయ్యాలె అన్నాడు. ఒక్క మాట చెప్పి ఊరుకుందామనుకున్నాను, నువ్వు అడిగినకొద్దీ చెప్పాల్సి వచ్చింది అన్నాడు. చెబుతూ వణికే చేతిని మరో చేత్తో పట్టుకున్నాడు.

“నీ చెయ్యి కోసం ఉండిపొమ్మంటే నేను ఉండిపోయేవాణ్ణి కదన్నా.”

లచ్చన్న కిందికి చూశాడు. “ఉంటవో పోతవో నాకేమెరుక,” అన్నాడు.

అప్పటిదాకా గిడియోన్‌కు కోపం వచ్చిందే గాని, ఆ మాట విన్నాక కోపం కూడా నిలబడలేదు. ఇన్నేళ్ళు ఒక గదిలో పడుకుని, ఒక గిన్నెలో తిని, ఆ చెయ్యి వణుకును తన వణుకులా దాచిపెడితే, ఈ మనిషికి తనమీద ఆపాటి నమ్మకం లేదు. తనను అడగడంకన్నా మోసం చెయ్యడమే తేలికనుకున్నాడు.

“నాతో అబద్ధం ఆడేవు, పోనీ,” అన్నాడు గిడియోన్. “మా వదినతో ఎందుకాడేవు? ఆవిడ పనిగట్టుకుని నిన్ను అడిగింది. ఆ మెట్టెలొచ్చిన రోజైనా చెప్పేవు కాదు.”

గిడియోన్ అడుగున ఉన్న బిరడాలు ఒక్కొక్కటే విప్పాడు. నీళ్ళు షెడ్డు నేలంతా పారి, గేటు కింద నుంచి రోడ్డుమీదికి పోయాయి. బంగ్లాదేశ్ కుర్రాళ్ళు చీపుళ్ళు తీసుకుని వచ్చి ఏమైందని అడిగారు. పరీక్ష ఖలాస్ అని చెప్పాడు.

తలుపులు కోసే పని తను చెయ్యనని కఫీల్‌తో చెప్పాడు. కారణం చెప్పలేదు. లచ్చన్న చెయ్యి గురించీ చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఒక్కమాటతో లెక్క సరిపోయేది, కానీ ఆపుకున్నాడు. మామీర్‌లో వాళ్ళ కంపెనీకే ఇంకో వర్క్‌షాపు ఉంది, నూనె ట్యాంకులు వెల్డింగ్ చేసేది. అక్కడికి మార్చమన్నాడు. కఫీల్ సరేనన్నాడు. గిడియోన్ తన సామాన్ మూట కట్టుకుంటుంటే లచ్చన్న గది బయట మెట్టుమీద కూర్చున్నాడు. వంటగిన్నెలు ఎవరివి ఏవో ఇద్దరికీ తెలియదు. గిడియోన్ అన్నీ వదిలేసి వెళ్ళాడు.

ఆ శుక్రవారం క్రిస్టీనాకు చెప్పాడు. ఆమె లచ్చన్నను ఒక్కమాట అనలేదు. అదే అతనికి ఎక్కువ కష్టంగా తోచింది.

“ఆయన చెప్పేడని నువ్వు నమ్మేవు. నువ్వు చెప్పేవని నేను నమ్మేను,” అంది. “మన షెడ్డులో ఇప్పుడు భీమిలాయన పని చేసుకుంటున్నాడు.” తర్వాత పిల్లలకు అన్నం పెట్టే వేళయిందంటూ బస్సెక్కి వెళ్ళిపోయింది. చాలా వారాలు ఇద్దరూ పొడిపొడిగానే మాట్లాడుకున్నారు. సహవాసంలో విమానం ఎప్పుడు దిగుతుందని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. గిడియోన్ కొన్నాళ్ళు ప్రార్థనకు వెళ్ళడం మానేశాడు.

నరసాయమ్మకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. మూడుసార్లు ఫోన్ చేసి వేరే కబుర్లు చెప్పి పెట్టేశాడు. చివరికి ఒకరోజు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అది నీళ్ళలో దిగదు వదినా, దించే ఉద్దేశం ముందునుంచీ లేదు, నాకు తెలియదు. అవతల కోళ్ళ అరుపు వినిపించింది.

“ఆయన్ని కూడా అడిగేను కదరా,” అంది చివరికి. “సెల్లే అన్నాడు నన్ను.”

“అన్నాడు వదినా.”

“మరి ఆ తలుపు? దాన్నేం సేత్తారు?”

కాఫీ అమ్ముతారని చెప్పలేక చెప్పాడు. ఆమె సరే అంది. పడవ మాట్లాడుకుని వెళ్ళి ఇక్కడి సముద్రంలోనే వేస్తానని గిడియోన్ అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఎవరో ఒకరు వచ్చేటప్పుడు మెట్టెలు తిరిగి పంపెయ్యి, నా కాళ్ళకే పెట్టుకుంటాను అంది. గిడియోన్ అలాగే పంపాడు. అందాయని ఆమె ఫోన్ చెయ్యలేదు. పక్కింటి పిల్ల చేత ఒక మెసేజ్ పెట్టించింది.

చలికాలం వచ్చేసరికి బుదైయాలో కాఫీ షాపు తెరిచారు. తను చూసుకునే పిల్లలు గోల చేస్తే క్రిస్టీనా ఒక సాయంత్రం వాళ్ళను తీసుకెళ్ళింది. తిరిగి వచ్చి ఫోన్లో గిడియోన్‌కు చెప్పింది. తెల్లగా రంగేశారు, లైట్లు పెట్టారు, పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నువ్వు వేసిన అతుకులు చేత్తో తడిమి చూశాను, ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు అంది. వాళ్ళిద్దరి మధ్యా మాట మళ్ళీ కలిసింది ఆ రోజే. గిడియోన్ మాత్రం అటు వెళ్ళలేదు.

షాపు తెరవకముందే, లచ్చన్న భయపడ్డది జరిగింది. కఫీల్ చెప్పిన పెద్ద తలుపు కోసేటప్పుడు అతని చేతిలో కట్టర్ జారి రేకు అడ్డంగా చీరుకుపోయింది. కఫీల్ కోప్పడలేదు. ఆసుపత్రికి పంపాడు, తర్వాత ఇక విశ్రాంతి తీసుకొమ్మని ఇంటికి పంపే ఏర్పాటు చేశాడు. ఆ కబురు గిడియోన్‌కు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. ఆ పేరు వినపడితే వేరే పని చూసుకునేవాడు, అంతే.

వెళ్ళిపోయే ముందు శుక్రవారం లచ్చన్న బస్సులో మామీర్ క్యాంపుకు వచ్చాడు. గిడియోన్ బయట కుళాయి దగ్గర బట్టలుతుకుతున్నాడు. లచ్చన్న శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. గడ్డంమీద రెండుచోట్ల తెగిన గాట్లున్నాయి.

“పోతున్న తమ్మీ. మల్ల రాను,” అన్నాడు.

గిడియోన్ చేతులు తుడుచుకుని, లోపలికి రమ్మన్నాడు. ఇంటికొచ్చిన మనిషి కాబట్టి టీ పెట్టాడు. ఇదివరకు ఒకే గదిలో ఉన్నప్పుడు లచ్చన్నకు ఎప్పుడూ సగం కప్పే పోసేవాడు, ఒలకకుండా ఉంటుందని. ఈసారి అందరికీ పోసినట్టే నిండా పోసి ఇచ్చాడు. లచ్చన్న కప్పు ఎత్తబోతే టీ వేళ్ళమీదుగా ఒలికి, చొక్కా చేతికి అంటుకుంది. అతను కప్పు దించి, గిడియోన్‌కేసి చూశాడు.

“మీ వదిన మంచిగున్నదా?” అని అడిగాడు.

“ఉంది.”

“నేను అడిగినట్టు చెప్పు.”

“చెప్పను,” అన్నాడు గిడియోన్.

లచ్చన్న సరేనన్నట్టు తల ఊపాడు. ఇంకాసేపు కూర్చున్నాడు. ప్యాక్ చేసిన డబ్బాల గురించి, ఎయిర్‌పోర్టుకు ఎవరు తీసుకెళతారో దాని గురించి తనే ఏదో మాట్లాడాడు. గిడియోన్ విన్నాడు. బస్సు వేళయిందని లచ్చన్న లేచాడు. గిడియోన్ గేటుదాకా అతని వెంట నడిచాడు. అక్కడ లచ్చన్న చెయ్యి చాపాడు. గిడియోన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు, వణుకు తన అరచేతికి తెలిసింది, వదిలేశాడు. బస్సు కదిలేదాకా ఆగకుండా వెనక్కి వచ్చి, నానబెట్టిన బట్టలు మళ్ళీ ఉతకడం మొదలుపెట్టాడు.